చాపకూడు, పౌరుషం, నేల

పల్నాటి వీరచరిత్ర ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన సభల్లో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. పన్నెండవ శతాబ్దంలోనే బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి కులాన్ని కూలదోశాడని. వక్త ఆ మాట అనగానే చప్పట్లు పడతాయి. వక్త మంచినీళ్లు తాగి మరో విషయంలోకి వెళ్లిపోతాడు. ఈ మాటలో కొంత నిజం ఉంది. ఆ నిజం ఎంతవరకు నిజమో తేల్చుకోకపోవడం వల్ల మనం ఒక భూస్వామ్య గాథను అభ్యుదయ గాథగా అప్పజెబుతున్నామని నా అనుమానం.

మాది పర్చూరు, పల్నాడు కాదు. అయినా ఈ కథ మా వైపు నుంచే మొదలవుతుంది. వెలనాటి చోడుల రాజధాని చందవోలు ఇవాళ పర్చూరుతో పాటు బాపట్ల జిల్లాలోనే ఉంది. కథ ప్రకారం హైహయ వంశీకుడైన అనుగురాజు చందవోలు రాజు కూతురు మైలమదేవిని పెళ్లాడతాడు. పల్నాడు ఆమెకు అరణంగా వస్తుంది. ఊళ్లతో, చేలతో, వాటిని దున్నుకునే జనంతో సహా ఒక సీమ పెళ్లికూతురి వెంట నడిచి వెళ్లింది. ఈ సంగతి కథలో ఎవరికీ వింతగా తోచదు. వీరచరిత్రను అర్థం చేసుకోవాలంటే ఇక్కడ ఆగాలి. తర్వాత పారిన నెత్తురంతా ఈ అరణం పంపకం గురించే.

చరిత్రలో 12వ శతాబ్ది చివర ఏం జరిగిందనేది వేరే చర్చ. నేను మాట్లాడుతున్నది కథ కట్టిన సమాజం గురించి. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు, ఒకే తండ్రి బిడ్డలు. ఒకరి పక్కన నాయకురాలు నాగమ్మ, ఇంకొకరి పక్కన బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడి మలిదేవుని పక్షం ఏడేళ్లు వలసపోతుంది. గడువు తీరాక రాజ్యభాగం అడగడానికి రాయబారిగా వెళ్లిన అలరాజును చర్లగుడిపాడులో విషం పెట్టి చంపుతారు. అతడు నలగాముడికి స్వయానా అల్లుడు. ఆపైన కారెంపూడి రణరంగం. ఇంతే కథ. ఇందులో మహాభారతం పోలికలు అందరూ చూపించినవే కనుక వాటి జోలికి పోను.

నాకు ముఖ్యమనిపించే పోలిక మరొకటి ఉంది. సరిగ్గా ఆ శతాబ్దంలోనే యూరప్‌లో ఆర్థరు రాజు కథలు కావ్యాలవుతున్నాయి. నార్మన్ కవి వాస్ 1155లో ముగించిన కావ్యంలో మొదటిసారిగా గుండ్రటి బల్ల కనిపిస్తుంది. ఎవరికి వారే గొప్పనుకునే సామంతులు పై వరస, కింది వరస అని తగవులాడకుండా ఆర్థరు ఆ బల్ల చేయించాడట. గుండ్రటి బల్లకు మొదలూ తుదీ ఉండవు. కూర్చున్న వాళ్లంతా సమానులే. ఎటొచ్చీ కూర్చోగలిగిన వాళ్లెవరన్నదే ప్రశ్న. నైటు అంటే గుర్రం, కవచం, వాటిని పోషించుకోవడానికి ప్రభువు ఇచ్చిన భూమి, ఆ భూమికి బదులుగా యుద్ధసేవ. ఆ భూమిని దున్నే అర్ధబానిస రైతుకు ఆ బల్ల దగ్గర చోటు లేదు.

ఈ కోణంలో చూస్తే మన చాప వాళ్ల బల్ల కంటే చాలా పెద్దదని ఒప్పుకోవాలి. బ్రహ్మనాయుడు మాల కన్నమదాసును కొడుకుగా స్వీకరించి సేనానిని చేశాడు. బాలచంద్రుడి వెంట నడిచిన తమ్ముళ్లు వేర్వేరు కులాల వాళ్లు. ఏ యూరప్ కవీ తన నాయకుడి పక్కన అంటరానివాడని ఊరు వెలివేసిన మనిషిని కూర్చోబెట్టి అన్నం పెట్టించలేదు. ఊహలోనైనా ఆ పని చేసింది మన జనం. ఆ ఊహను నేను చిన్నచూపు చూడను. ఊళ్లో ఏ రోజూ దొరకని సమానత్వం పాటలోనైనా దొరకాలని కోరుకున్న వాళ్లు ఉండబట్టే అది ఇన్ని వందల ఏళ్లు బతికింది.

కానీ ఆ చాప ఎందుకు పరిచారు? వ్యవసాయానికి కాదు, యుద్ధానికి. సైన్యంలో ఒకడి ప్రాణం మరొకడి చేతిలో ఉంటుంది. వంట వేరు, వరస వేరు అనుకునే సైన్యం నిలబడదు. బ్రహ్మనాయుడి సంస్కారాన్ని తీసిపారేయకుండానే ఈ అవసరాన్నీ చూడాలి. ఆ చాప మీద కూడైనా పూర్తిగా కలిసిందా అంటే, అనపోతు ఉదంతం గుర్తు చేసుకోవాలి. తమ్ముళ్లలో అతడు బ్రాహ్మణుడు. బ్రాహ్మణుడు యుద్ధంలో చావకూడదని బాలచంద్రుడు అతణ్ని ఉపాయంగా వెనక్కి పంపిస్తాడు. సంగతి తెలిసిన అనపోతు భరించలేక ప్రాణం తీసుకుంటాడు. చదువరికి కన్నీళ్లు వస్తాయి, రావాలి కూడా. అయితే కుమ్మరి చావు గురించి, చాకలి చావు గురించి ఎవరికీ అలాంటి బెంగ లేదే! అన్నం దగ్గర చెరిగిన గీత చావు దగ్గర మళ్లీ కనబడింది.

పౌరుషం అనే మాట కూడా ఇక్కడే పుడుతుంది. బాలచంద్రుడు బొంగరాలాడుకుంటుంటే బొంగరం తగిలి ఒక కోమటి స్త్రీకి గాయమవుతుంది. పెద్దలంతా రణంలో ఉంటే నువ్వు ఆటలాడుకుంటున్నావా అని ఆమె ఎత్తిపొడుస్తుంది. ఆ ఒక్క మాటతో పిల్లవాడు యుద్ధానికి బయలుదేరతాడు. భార్య మాంచాల తానే కత్తి ఇచ్చి పంపుతుంది. భూస్వామ్య సమాజం యువకుల్ని యుద్ధానికి తోలే పద్ధతి ఇంత సూటిగా మరెక్కడా కనిపించదు. ఎవరి భూమి కోసం, ఏ పంపకం కోసం అని అడిగే వ్యవధి అతనికి లేదు. సిగ్గు అతణ్ని తరుముతుంది. ఐరోపా వాళ్లు చివల్రీ అన్నా, మనం పౌరుషం అన్నా అది చేసే పని ఒకటే. కూలి ఇవ్వకుండా ప్రాణం ఇప్పిస్తుంది.

అంతా అయ్యాక ఏమైంది? వీరులు నేలకొరిగారు. బ్రహ్మనాయుడు నలగామరాజునే మళ్లీ గద్దె మీద కూర్చోబెట్టి, గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని కథ. కన్నమదాసు వాళ్ల వాడకు ఒక సెంటు చెక్క దక్కినట్టు ఏ గాయకుడూ పాడలేదు. గద్దె గద్దెగానే ఉంది, అరణం అరణంగానే ఉంది.

ఇంకొక లోటు కూడా చెప్పుకోవాలి. అదే శతాబ్దంలో ఫ్రెంచి కవి క్రేటియాన్ ద త్రుయా రాసిన యివేన్ కథలో ఒక ఘట్టం ఉంది. నైటు ఒక కోటలో అడుగు పెడితే మూడు వందల మంది ఆడపిల్లలు పట్టు, జరీ నేస్తూ కనిపిస్తారు. చినిగిన గుడ్డలు, పాలిపోయిన ముఖాలు. తమ చేతిపనిలో ఒక లివ్రుకు నాలుగు దెనియేలు మాత్రమే తమకు దక్కుతున్నాయని లెక్క చెబుతారు. లివ్రు అంటే 240 దెనియేలు. మిగతాది యజమానికి. సాహసగాథ మధ్యలో కూలి లెక్క! పల్నాటి కథలో పశువుల మంద మీద దాడి ఉంది, కోళ్ల పోరు ఉంది, ప్రతి వీరుడి ఆయుధానికీ పేరుంది. పల్నాడు రాళ్లనేలలో జొన్న పండించి ఈ రెండు కొలువుల్నీ మేపిన మనిషి లెక్క మాత్రం లేదు. శ్రీనాథుడి పేరున్న ద్విపద కావ్యంలోనూ లేదు. పల్నాటి జొన్నకూడు మీద ఆయన విసుక్కున్న చాటువులు మాత్రం మనకు బాగా కంఠతా వచ్చు.

మన పూర్వులు ఈ కథను ఎందుకు పట్టుకున్నారో ఆలోచించాలి. అక్కిరాజు ఉమాకాంతం దీన్ని 1911లో అచ్చు వేయించాక చదువుకున్న వాళ్ల దృష్టి ఇటు మళ్లింది. మాలపల్లి రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణే నాయకురాలు నాటకమూ రాశాడు. 1938లో మాలపిల్ల, 1939లో రైతుబిడ్డ తీసిన గూడవల్లి రామబ్రహ్మమే పల్నాటి యుద్ధం మొదలుపెట్టాడు. ఆయన చనిపోయాక ఎల్.వి. ప్రసాద్ పూర్తి చేస్తే 1947లో విడుదలైంది. అంటరానితనం మీద పోరాడుతున్న వాళ్లకు కన్నమదాసు కావలసి వచ్చాడు. అది సహజం. ఆనాటికి ముందడుగు కూడా. అయితే సహపంక్తి భోజనం దగ్గరే మన సంస్కరణ ఆగిపోవడానికి ఈ కథ ఒక సాకుగా ఉపయోగపడింది. రైతుబిడ్డ తీసిన వాడికి జమీందారీ సమస్య తెలియక కాదు. వీరగాథలో దాన్ని పెట్టడానికి చోటు లేదు.

ఆగిపోతే ఏమవుతుందో మా దారిలోనే కనిపిస్తుంది. పర్చూరు నుంచి చీరాల వెళ్తుంటే మధ్యలో కారంచేడు వస్తుంది. అక్కడ 1985 జూలై 16న తాగునీటి చెరువు దగ్గర మాట పెరిగింది. మాదిగపల్లె తాగే నీళ్లలో పశువుల కుడితి బక్కెట్లు కడుగుతుంటే వద్దన్నందుకు. మరునాడు పల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. పల్లె మొత్తం చీరాల తరలిపోయింది. నీళ్ల తగవుగా, కులం తగవుగా చెప్పిన ఈ ఘటన వెనక నేల ఎవరిది, కూలి ఎవరిది, మాట ఎదురు చెప్పిన వాళ్లను ఏం చేయాలి అన్న పాత అరణపు లెక్కే ఉంది. దాడికి దిగిన వాళ్లు దాన్ని నేరంగా తలచలేదు. పౌరుషమనుకున్నారు.

అంత నెత్తురు లేని చోట కూడా లెక్క మారలేదు. మా నల్లరేగడి చేలల్లో పత్తి, మిరప వేసే వాళ్లలో కౌలుదార్లు ఎందరో. పెళ్లిళ్లలో, పార్టీ భోజనాల్లో ఆసామీ, కౌలుదారూ పక్కపక్కన కూర్చుని తింటారు. అది నేను కళ్లారా చూస్తున్న మార్పే, మా తాతల కాలంలో లేనిదే. అదే కౌలుదారు కాగితం రాసివ్వమని అడిగితే ఆసామీ ముఖం మాడుతుంది. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కూడా యజమాని సంతకం ఉంటేనే కార్డు అంది. సంతకం లేదు, కార్డు లేదు, బ్యాంకు అప్పు లేదు. తెగులొచ్చి మిరప పోతే నష్టపరిహారం భూమి ఎవరి పేరున ఉంటే వాళ్ల ఖాతాకు పోవడం, అప్పు సాగు చేసినవాడి నెత్తిన మిగలడం మా వైపు అందరికీ తెలిసిన సంగతే. విస్తరి పక్కన విస్తరి వేయడానికి అభ్యంతరం లేదు. సంతకం పక్కన సంతకం పెట్టడానికే.

కార్తీక అమావాస్యకు కారెంపూడిలో మొదలయ్యే వీర్ల తిరునాళ్లు అయిదు రోజులు సాగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. మందపోరు నాడు చాపకూడు పెడతారు. దూరపు ఊళ్ల నుంచి ఆచారవంతులు వీరుల ఆయుధాలు తెచ్చి నాగులేటిలో కడుగుతారు. కథ పాడేది వీరవిద్యావంతులు, మాలలు. రాజుల పంపకాల తగవును శతాబ్దాల తరబడి గొంతులో మోసింది వాళ్లు. అమెరికన్ పరిశోధకుడు జీన్ రోఘేర్ 1982లో ఇంగ్లీషులో పుస్తకంగా తెచ్చింది కూడా ఒక పల్నాటి గాయకుడి నోటి కథనే. 2022లో పల్నాడు పేరుతో జిల్లా ఏర్పడింది. వీరుల బొమ్మలతో ఫ్లెక్సీలు లేచాయి. ఏ కులం వాళ్లు ఆ కులపు వీరుణ్ని తమ వాడన్నారు. మన విమర్శకులు ఆ తిరునాళ్లకు వెళ్లినప్పుడు చాపకూడు తిని రావడంతో సరిపెట్టకుండా, ఆ పాడే మనిషిని కూర్చోబెట్టి ఒకటి అడగాలని నా కోరిక. మీరు పాడే ఈ కథలో మీ వాళ్లకు ఏ ఊళ్లో ఎంత నేల వచ్చింది?