అంతర్జాల వాణిజ్యం – చట్టరక్షణ

అంగడిలో సరకును చేతితో పరీక్షించి, బేరమాడి కొనేవానికి వర్తకునిపై నమ్మకం కంటి ఎదుటనే కుదురుతుంది. అంతర్జాల వాణిజ్యంలో అమ్మేవారు, కొనేవారు ఒకరినొకరు చూడరు. వారి మధ్య నమ్మకానికి పునాది వేయవలసినది చట్టమే.

ఐక్యరాజ్య సమితికి చెందిన అంతర్జాతీయ వాణిజ్య న్యాయ సంఘం 1996లో ఇందుకొక నమూనా చట్టాన్ని రూపొందించింది. దానిని అనుసరించి భారతదేశం చేసిన సమాచార సాంకేతిక చట్టం 2000 అక్టోబరు 17న అమలులోకి వచ్చింది. ఈ చట్టం పేరు వినగానే నేరాలు, శిక్షలు స్ఫురిస్తాయి గాని, అది మొదట చేసిన మేలు వేరు. కాగితపు పత్రానికి గల విలువను ఎలక్ట్రానిక్ పత్రానికి, చేవ్రాలుకు గల విలువను డిజిటల్ సంతకానికి అది కల్పించింది. వీలునామా వంటి కొన్నింటిని మాత్రం మినహాయించింది.

అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటరులో చొరబడినా, సమాచారాన్ని కాజేసినా 43వ సెక్షన్ ప్రకారం పరిహారం చెల్లించాలి. అదే పనిని దురుద్దేశంతో, మోసబుద్ధితో చేస్తే 66వ సెక్షన్ ప్రకారం శిక్షార్హమైన నేరమవుతుంది. ఇతరుల పాస్‌వర్డును వాడుకోవడం, కంప్యూటరు ద్వారా మారువేషంలో మోసగించడం అనే నేరాలను 2008 నాటి సవరణ చేర్చింది. వీటికి మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.

చట్టంలోని మాటలకు గల విస్తృతి హైదరాబాదులో తలెత్తిన ఒక వివాదంలో వెల్లడైంది. ఒక టెలిఫోను సంస్థ మూడేళ్ళ ఒప్పందంపై తక్కువ సొమ్ముకు చేతిఫోన్లను ఇచ్చింది. పోటీ సంస్థ ఉద్యోగులు వాటిలోని ఎలక్ట్రానిక్ క్రమసంఖ్యను మార్చి, ఖాతాదారులను తమ వైపు తిప్పుకొంటున్నారని ఆరోపణ వచ్చింది. ఫోను కంప్యూటరు కాదు గదా అన్న సందేహం సహజమే. అయితే అదీ చట్ట నిర్వచనం ప్రకారం కంప్యూటరేనని 2005లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పేర్కొన్నది. సోర్స్ కోడును తారుమారు చేయడాన్ని శిక్షించే 65వ సెక్షన్ కింద కేసును కొట్టివేయడానికి నిరాకరించింది.

నష్టపోయిన వర్తకుడు అయిదు కోట్ల రూపాయల వరకు పరిహారాన్ని న్యాయనిర్ణయాధికారి వద్ద కోరవచ్చు. రాష్ట్ర సమాచార సాంకేతిక శాఖ కార్యదర్శి ఆ బాధ్యత నిర్వహిస్తారు. ఈ మార్గాన్ని ఎరిగినవారు తక్కువ కావడం విచారకరం.

చట్టం ఎంత పటిష్ఠమైనదైనా నేరగాడు పరదేశంలో ఉంటే దర్యాప్తు మందగిస్తుంది. దోచిన సొమ్ము నిమిషాలలో ఒక ఖాతా నుండి మరొక ఖాతాకు పోతుంది. అందుచేత మోసం తెలిసిన వెంటనే 1930 నంబరుకు తెలపాలి. సొమ్ము ఇంకా బ్యాంకు ఖాతాలలోనే ఉన్నట్లయితే దానిని అక్కడే నిలిపివేసే అవకాశముంటుంది.