పాత అంబాసిడర్ నడిరోడ్డుపై ఎందుకు ఆగుతుంది?

ట్యాంకులో పెట్రోలు ఉంది. ఇంజను మాత్రం టక్కున ఆగిపోయింది. అరగంటయ్యాక తాళం తిప్పితే, ఏమీ ఎరగనట్టు స్టార్టయింది! ఎందుకలా?

ఇంజనులో పెట్రోలు ఆవిరిని మండించేది స్పార్క్ ప్లగ్ దగ్గర పుట్టే నిప్పురవ్వ. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులే. రవ్వ ఎగరాలంటే వేల వోల్టులు కావాలి. ఆ పని కాయిల్‌ది. అందులో రెండు తీగచుట్లు ఉంటాయి. మొదటిదాంట్లో కరెంటు హఠాత్తుగా తెగితే రెండోదాంట్లో వేల వోల్టులు పుడతాయి. అలా తెంపేవి డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు. నిమిషానికి 3000 చుట్లు తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజనులో అవి సెకనుకు 100 సార్లు తెరుచుకోవాలి. అరగక ఏం చేస్తాయి, పాపం!

పాయింట్లు మాడి నల్లబడితే కరెంటు సరిగా పారదు. పక్కనున్న కండెన్సర్ పాడైతే అవి ఇంకా త్వరగా కాలిపోతాయి. కాయిల్ లోపలి తీగ చిట్లి ఉంటే, వేడికి విడిపోయి చల్లారాక మళ్లీ కలుస్తుంది. అరగంట రహస్యం చాలాసార్లు అదే. అందుకే బండి వేడి మీద ఉండగానే పరీక్షించాలి.

మెకానిక్ ప్లగ్ విప్పి, వైరు తగిలించి, దాని లోహపు ఒంటిని ఇంజనుకు ఆనించి సెల్ఫ్ కొట్టిస్తాడు. నీలిరవ్వ చిటపటలాడితే పెట్రోలు దారి చూడాలి. రవ్వ నీరసంగా ఉంటే పాయింట్లను సన్న ఎమరీ కాగితంతో రుద్ది, సందును దాదాపు 0.4 మిల్లీమీటర్లకు సరిచేస్తాడు. కుదరకపోతే కండెన్సర్, ఆపైన కాయిల్ మారుస్తాడు. నన్నడిగితే వీటన్నిటికంటే ముందు వదులైన వైర్లు బిగించి చూడాలి, పైసా ఖర్చు లేదు కదా! ప్లగ్ వైరును మాత్రం మీరు ముట్టుకోకండి. షాక్ గట్టిగా కొడుతుంది.