మారథాన్ పరుగు – చూపరి ధర్మము



పందెమున దిగువారికి నియమములు కలవని అందరును ఎరుగుదురు. చూడవచ్చినవారికిని నియమములు కలవని తలచువారు అరుదు. కోడిపందెములకును ఎడ్లపందెములకును పేరుపడిన సీమవారము మనము. గట్టున నిలిచి చూచుట మనకు కొత్తగాదు. అయినను నగరవీధులలో జరుగు మారథాన్ పరుగును చూచుట వేరొక విద్య. దానినిగూర్చి నాలుగు మాటలు మనవిచేసెదను.

మారథాన్ దూరము 42.195 కిలోమీటర్లు, పాతలెక్కను 26 మైళ్ల 385 గజములు. ఏలూరున బయలుదేరి మా దెందులూరును, భీమడోలును, ఉంగుటూరును దాటి, తాడేపల్లిగూడెము చేరువవరకు ఆగక పరుగెత్తుటతో ఇది ఇంచుమించు సమానము. 1896వ సంవత్సరమున ఏథెన్సులో తొలి ఒలింపిక్ మారథాన్ జరిగినప్పుడు దూరము సుమారు 40 కిలోమీటర్లే. 1908లో లండనున పరుగెత్తిన కొలతనే 1921లో శాశ్వతముగ స్థిరపరచిరి.

ఈ పందెమును చూచుటకు రుసుము లేదు. చూపరికిని పరుగెత్తువానికిని నడుమ గోడయు లేదు. చేయి చాచిన అందును. చిక్కంతయు ఇందే కలదు. ఆ లండను పందెముననే ఇటలీవాడగు డొరాండో పియెట్రి అందరికంటె ముందుగా క్రీడారంగము ప్రవేశించెను. కాని సొమ్మసిల్లి పలుమారులు పడిపోయెను. దగ్గరనున్న అధికారులును వైద్యులును జాలిగొని లేవనెత్తిరి. అతడు గమ్యము చేరెను. పరసహాయము పొందెనను కారణమున బహుమతి కోల్పోయెను. అమెరికావాడగు జాన్ హేస్ విజేతయయ్యెను. మరునాడు అలెగ్జాండ్రా రాణి పియెట్రికి ఒక పాత్రను బహూకరించెను. ప్రేమతో చాచిన చేయియే అతనికి పందెమును పోగొట్టెను.

ద్వేషముతో గాని వెర్రితో గాని చాచిన చేయి మాట యేమి? 2004లో ఏథెన్సు ఒలింపిక్ మారథాన్‌లో బ్రెజిల్ దేశస్థుడు వాండర్లీ డి లిమా ముందు నడచుచుండగా, దారిపక్కనున్న యొకడు మీదబడి అతనిని గుంపులోనికి నెట్టెను. వేరొక ప్రేక్షకుడు ఉరికివచ్చి విడిపించెను. డి లిమా మరల పరుగందుకొని మూడవవాడుగ నిలిచెను. ఒకే వీధి అంచున చూపరి దోషమును, చూపరి ధర్మమును రెండును ఆనాడు కనబడినవి.

అట్లయిన చూపరి చేయదగినదేమి? మన దేహము కండరములందును కాలేయమందును దాచుకొన్న గ్లైకోజన్ అను ఇంధనము చాలమందికి సుమారు 30 కిలోమీటర్ల దరిని అడుగంటును. అప్పుడు కాళ్లు రాళ్లగును, మనస్సు మానుమనును. మనము నిలువదగిన చోటు అదియే. బయలుదేరు చోట గుంపు ఎట్లును ఉండును.

హైదరాబాదు మారథాన్ సాధారణముగా ఆగస్టు మాసాంతమున ఒక ఆదివారము జరుగును. తెల్లవారకమునుపే హుస్సేన్‌సాగర్ ఒడ్డున మొదలై గచ్చిబౌలి స్టేడియమున ముగియును. నడుమ వంతెనల ఎక్కుదిగుళ్లు పెక్కు. గాలిలో తేమయు హెచ్చు. వీధిపక్కన నిలిచి నేను గమనించినది యొకటి కలదు. ఎదలపై నంటించుకొన్న చీటీమీది పేరు చదివి పిలిచినచో, వంగిన తల లేచును. ఇంకను రెండు క్రోసులుండగా “అయిపోవచ్చినది” అనుట మేలుగాదు. ఆ మాట నమ్మినవాడు మలుపు తిరిగి దారి చూచి మరింత డస్సిపోవును. “బాగున్నది, సాగుము” అనుట చాలును.

కొల్లేటిలో తాటిదోనె నడుపువాని గడను గట్టుమీదివాడు పట్టుకొనడు. లోతెక్కడనో కేకవేసి చెప్పును. మారథాన్ చూపరికిని అదియే నీతి. దారికి అడ్డురాకుడు, తోడు పరుగెత్తి పటములు తీయకుడు, పడినవాడు కనబడినచో వైద్యబృందమునకు వెంటనే తెలుపుడు. ప్రాణాపాయమున్నచో పందెము లెక్క చూడనక్కరలేదు. ముఖ్యముగా, మొదటివాడు పోగానే ఇంటికి మరలకుడు. అతనికి రెండు గంటల చిల్లరలో పని ముగియును. కడపటివాడు ఆరుగంటలు ఎండలో నడుమ నుండును. వీధి ఖాళీయైన వేళ ఎవరో యొకరు నిలిచి చప్పట్లు కొట్టవలెను. ఆ యొకరు మనము కావచ్చును.