అప్పట్లో కంప్యూటర్ అంటే... మనిషే!

కంప్యూటర్‌కి జ్వరమొచ్చింది, ఇవాళ పనిలోకి రాలేదు. కంప్యూటర్‌కి పెళ్లి కుదిరింది, ఉద్యోగం మానేసింది. ఈ మాటలు ఇప్పుడు వింటే నవ్వొస్తుంది. అదే వందేళ్ల కిందట ఇంగ్లండ్‌లోనో అమెరికాలోనో అయితే ఎవరూ నవ్వేవారు కాదు. ఎందుకంటే అప్పటికి కంప్యూటర్ యంత్రం కాదు. కాగితం, పెన్సిలు ముందేసుకుని సాయంత్రం దాకా లెక్కలు కట్టే మనిషి!

ఈ మాట పుట్టిల్లు లాటిన్. అందులో 'పుటారే' అంటే లెక్కించడం. దానికి 'కలిపి' అనే అర్థమిచ్చే 'కామ్' ముందు చేరితే 'కంప్యుటారే' అయింది. అన్నీ కలిపి లెక్కకట్టడం అన్నమాట. 'పుటారే'కి ఇంకో అర్థమూ ఉంది... చెట్టు కొమ్మలు కత్తిరించడం. కాలో చెయ్యో తీసేసే ఆపరేషన్‌ని 'యాంప్యుటేషన్' అంటారు కదా, అదీ ఈ చుట్టమే. ఫ్రెంచివాళ్ల నోళ్లలో నలిగి వచ్చిన 'కౌంట్', 'అకౌంట్' కూడా ఇంటివాళ్లే. ఇంగ్లిష్‌లో 'కంప్యూటర్' మాట తొలిసారి కనిపించేది 1613లో రిచర్డ్ బ్రాత్‌వెయిట్ రాసిన పుస్తకంలో. అక్కడా దానర్థం లెక్కలు కట్టే మనిషనే!

భర్త పేరు... భార్య లెక్క!

నడిసముద్రంలో ఓడ ఎక్కడుందో తెలియాలంటే ఆకాశంలో చంద్రుడు ఏ రోజు, ఏ వేళకు ఎక్కడుంటాడో ముందే తెలియాలి. ఆ వివరాలతో బ్రిటన్‌లో 'నాటికల్ అల్మనాక్' అనే పంచాంగం 1767 నుంచి ఏటా వెలువడింది. దాని సారథి నెవిల్ మాస్కెలిన్. ఆయన కంప్యూటర్లంతా తమ తమ ఊళ్లలో ఇంటిపట్టునే ఉండి లెక్కలు కట్టి పంపేవారు. ఒకే నెల లెక్కను ఇద్దరు విడివిడిగా చేస్తే మూడో మనిషి సరిపోల్చేవాడు. ఓసారి ఇద్దరు కూడబలుక్కుని ఒకరిది చూసి ఒకరు రాసేశారు. దొరికిపోయారు, పని పోయింది!

లడ్లో పట్టణంలోని జాన్ ఎడ్వర్డ్స్ మాత్రం నమ్మకమైన కంప్యూటర్. 1784లో ఆయన పోయాక అసలు సంగతి బయటపడింది... ఆ లెక్కల్లో చాలామటుకు కట్టింది భార్య మేరీ. ఆ తర్వాత తన పేరుతోనే పనిచేసి పిల్లల్ని పోషించుకుందామె. కూతురు ఎలైజా కూడా అదే పని నేర్చుకుంది. 1832లో పనంతా లండన్ ఆఫీసుకి మారింది. అక్కడ ఆడవాళ్లకు చోటు లేదు. ఎలైజా లెక్కలు అక్కడితో ఆగిపోయాయి.

శిఖరం ఒకరిది... పేరొకరిది

మనదేశంలోనూ కంప్యూటర్లు ఉండేవారు. 1802లో మద్రాసు దగ్గర మొదలైన మహా త్రికోణమితి సర్వే దేశాన్ని గజం గజం కొలిచింది. అందులో 1831లో కంప్యూటర్‌గా చేరాడు కోల్‌కతా కుర్రాడు రాధానాథ్ సిక్దర్. తర్వాత ముఖ్య కంప్యూటర్ అయ్యాడు. హిమాలయాల్లో 'పదిహేనో శిఖరం' అని నంబరుతో పిలిచే కొండను మైదానాల నుంచి, నూటయాభై కిలోమీటర్ల పైచిలుకు దూరం నుంచి చూసి తీసుకున్న కొలతలు ఆయన ముందుకొచ్చాయి. గాలిలో కాంతి వంగే తీరును కూడా లెక్కలోకి తీసుకుని, 1852 ప్రాంతంలో అదే ప్రపంచంలోకెల్లా ఎత్తయినదని తేల్చాడు. 1856లో ప్రకటించిన ఎత్తు 29,002 అడుగులు. 2020లో ప్రకటించిన తాజా లెక్కతో పోలిస్తే తేడా ముప్పై అడుగులే! కానీ ఆ శిఖరానికి దక్కిన పేరు మాత్రం సర్వేలో ఒకప్పటి పెద్ద అధికారి ఎవరెస్ట్‌ది. సిక్దర్ బొమ్మతో తపాలా బిళ్ల వచ్చింది 2004లో.

గంటకు పాతిక సెంట్లు

హార్వర్డ్ వేధశాల కంప్యూటర్లంతా ఆడవాళ్లే. డైరెక్టర్ పికరింగ్ ఇంట్లో పనిమనిషిగా చేరిన విలియమినా ఫ్లెమింగ్ 1881లో వేధశాల ఉద్యోగి అయి వేల నక్షత్రాలను వర్గీకరించింది. జీతం గంటకు పాతిక నుంచి యాభై సెంట్లు. అక్కడే పనిచేసిన హెన్రియెటా లెవిట్, వెలుగు పెరిగి తరిగే నక్షత్రాల్లో ఓ లెక్క పట్టుకుంది. 1912లో అచ్చయిన ఆ పత్రం కింద సంతకం పికరింగ్‌దే. అయితే సిద్ధం చేసింది మిస్ లెవిట్ అని మొదట్లోనే రాశాడు. ఆ సూత్రంతోనే తర్వాత హబుల్ మన పాలపుంత బయట వేరే నక్షత్ర మండలాలున్నాయని నిరూపించాడు.

పేరు కూడా యంత్రానిదే!

రెండో ప్రపంచ యుద్ధంలో ఫిరంగి గుండు ఎక్కడ పడుతుందో లెక్కకట్టడానికి అమెరికా పదుల సంఖ్యలో అమ్మాయిల్ని తీసుకుంది. ఉద్యోగం పేరు కంప్యూటర్. ఒక్కో లెక్కకు రోజులు పట్టేది. అదే పనిని అర నిమిషంలో చేసే ఎనియాక్ యంత్రం తయారయ్యాక, దానికి పని నేర్పింది వాళ్లలోంచి ఎంచిన ఆరుగురే. 1946 ఫిబ్రవరిలో యంత్రాన్ని ఘనంగా ప్రపంచానికి చూపించారు. ఆ రాత్రి జరిగిన విందుకు ఆ ఆరుగురికి పిలుపు లేదు.

మెల్లగా ఉద్యోగం, దాంతోపాటు పేరూ యంత్రానికి వెళ్లిపోయాయి. అయినా మనిషి మీద నమ్మకం అంత తొందరగా పోలేదు. 1962లో భూమిని చుట్టి రావడానికి బయల్దేరేముందు వ్యోమగామి జాన్ గ్లెన్ యంత్రం చెప్పిన అంకెల్ని ఓసారి కేథరిన్ జాన్సన్‌తో సరిచూపించమన్నాడు. నల్లజాతి మహిళా కంప్యూటర్ల విభాగంలో చేరి, నాసాలో ఎదిగిన మనిషామె. ఆమె చేత్తో లెక్కకట్టి సరేనన్నాకే గ్లెన్ కదిలాడు. అమెరికా అత్యున్నత పౌర పురస్కారం ఆమెను చేరింది మాత్రం 2015లో, తొంభై ఏడేళ్ల వయసులో!

తెలుగులో కంప్యూటర్‌ని 'గణకయంత్రం' అన్నారు. గణకుడంటే లెక్కలు కట్టేవాడు. ఇంగ్లిష్ మాట మరిచిపోయిన ఆ మనిషి, యంత్రం పక్కనే మన మాటలో ఇంకా కూర్చునే ఉన్నాడు.