గుండెమీది కన్ను

మొన్న ఆదివారం సాయంత్రం మా అమ్మాయిని స్కూటరుమీద ఎక్కించుకుని వస్తూంటే చౌరస్తాలో ట్రాఫిక్ కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టాడు. కాగితాలన్నీ వున్నాయి. నెత్తిన హెల్మెట్టూ వుంది. అయినా గుండె దడదడలాడింది. పోలీసు ఎదురైతే చెయ్యని తప్పులు కూడా గుర్తుకు వస్తాయి కదండీ! అతను మాత్రం కాగితాలు చూసి, "వెళ్లండి సార్" అని ఎంతో మర్యాదగా పంపించాడు. నాలుగు గజాలు వచ్చామో లేదో, "నాన్నా, ఆయన చొక్కాకి ఆ నల్ల డబ్బీ ఏమిటి?" అన్నది పిల్ల.

"కెమేరా అమ్మా."

"అందుకేనా అంత మంచిగా మాట్లాడాడు?"

తెలుగు పాఠాలు చెప్పుకు బ్రతికేవాణ్ణి. దీనికి జవాబు నా పుస్తకాలలో లేదు. వెదికి చదివితే, పండితులకే ఇందులో ఏకాభిప్రాయం లేదని తేలింది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో రియాల్టో అనే చిన్న పట్టణం వుంది. అక్కడి పోలీసులకు 2012లో కెమేరాలు తగిలించి ఏడాదిపాటు చూశారు. బలప్రయోగం సగానికి పైగా తగ్గింది. అంతకుముందు ఏడాది ఇరవైకి పైబడిన ఫిర్యాదులు 3కు దిగాయి. ఇక చూడండి, ఊరూరా కెమేరాలే! కాని వాషింగ్టన్ నగరంలో రెండువేల మందికి పైగా పోలీసులమీద జరిపిన పరిశీలన 2017లో వెలువడేసరికి, కెమేరా వున్నవారికీ లేనివారికీ చెప్పుకోదగ్గ తేడాయే కనబడలేదు.

నాకు తోచిన కిటుకు మీటలో వుంది. అది ఎవరి చేతిలో వున్నట్టు? 2016లో అచ్చయిన ఒక పరిశోధనలో, నియమం ప్రకారం మొదటినుంచి చివరిదాకా కెమేరా నడిపినచోట బలప్రయోగం తగ్గింది. పోలీసు తనకు తోచినప్పుడు నొక్కినచోట పెరిగింది.

బాల్టిమోర్ కథ వింటే ఇది బాగా బోధపడుతుంది. అక్కడి కెమేరాలు మీట నొక్కకముందు 30 సెకన్ల దృశ్యాన్ని కూడా, శబ్దం లేకుండా, దాచుకుంటాయి. 2017లో ఒక పోలీసు చెత్తలో మాదకద్రవ్యం పొట్లం తానే పెట్టి, వీధిలోకి వచ్చి, మీట నొక్కి, మళ్లీ వెళ్లి దాన్ని "కనిపెట్టాడు". ఆ ముందు 30 సెకన్లు పట్టి ఇచ్చాయి. తెర లేవకముందే రంగంమీద దొరికిపోయిన వేషగాడి సంగతే అనుకోండి. 2018లో కోర్టు అతన్ని దోషి అన్నది.

మీట సంగతి అలా వుంచి, పెట్టె తాళం ఎవరి దగ్గర? షికాగోలో 2014 అక్టోబరులో ఒక పదిహేడేళ్ల కుర్రవాణ్ణి పోలీసు 16 సార్లు కాల్చాడు. పోలీసు కారులోని కెమేరా అంతా చూసింది. జనం చూడడానికి మాత్రం కోర్టు ఆజ్ఞా, 13 నెలలూ కావలసి వచ్చాయి.

అలాగని అంతా అందరికీ చూపమనడమూ తప్పే. పోలీసు మన వంటింటిదాకా రావచ్చు. మొగుడు కొట్టాడని ఏడ్చే ఇల్లాలి మొహం వీధిలోవాళ్ల సెల్‌ఫోన్లలోకి ఎక్కడం ఏం న్యాయం?

మన దేశంలో సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ప్రతి పోలీసు స్టేషనులోనూ కెమేరాలు వుండాలన్నది. రికార్డు 18 నెలలు వుంచాలనీ, ఏది ఏమైనా ఏడాదికి తగ్గరాదనీ చెప్పింది. సోదాలను వీడియో తీయాలని 2024 జూలైనుంచి చట్టమే వుంది. చొక్కామీది కెమేరాకూ అంత స్పష్టమైన లెక్క వుండాలంటాను.

ఇదంతా చదవడానికి పిల్ల ప్రశ్న ఒక్కటే కారణం కాదు. పోయిన నెల మా విద్యార్థి ఒకడు వాచిన చెంపతో కాలేజీకి వచ్చాడు. రాత్రి సినిమా చూసి వస్తూంటే ఆపి, మాటకు మాట పెరిగి కొట్టారట. "కెమేరా వుంది కదా, చూడండి" అంటే, "చార్జింగు అయిపోయింది" అన్నారట. కావచ్చు. బ్యాటరీ అన్నాక అయిపోతుంది. అయిపోయినట్టు ఎక్కడైనా రాసుకున్నారా మరి?

వాడికి అర్జీ రాసిపెట్టాను. అలంకారాలు లేకుండా రాయడం నాబోటివాడికి కొంచెం కష్టమే. తేదీ, వేళ, చౌరస్తా. ఆ రాత్రి మీట ఎప్పుడు నొక్కారు, ఎప్పుడు ఆపారు, రికార్డు ఎన్నాళ్లు వుంచుతారు — అంతే. స్పీడుపోస్టు రసీదు నా చొక్కా జేబులోనే వుంది.