డాక్టర్ దిగులుకు మందేదీ?

న్యూయార్క్‌లో కోవిడ్ విజృంభించిన 2020లో డాక్టర్ లోర్నా బ్రీన్ మాన్‌హట్టన్‌లోని ఒక ఆస్పత్రి అత్యవసర విభాగానికి అధిపతి. తానూ ఆ జబ్బు బారినపడి, కోలుకోగానే విధుల్లో చేరారు. కొద్ది రోజులకే మానసికంగా కుంగిపోయి ఆస్పత్రి పాలయ్యారు. ఏప్రిల్ 26న, 49 ఏళ్ల వయసులో, ఆత్మహత్య చేసుకున్నారు. మానసిక చికిత్స సంగతి బయటపడితే లైసెన్స్ పోతుందేమోనని ఆమె భయపడ్డారని కుటుంబ సభ్యులు చెప్పారు. ఆ భయం నిరాధారం కాదు. అక్కడ చాలా రాష్ట్రాల్లో లైసెన్స్ దరఖాస్తులు మానసిక ఆరోగ్యం గురించి ఆరా తీసేవి. 2022 మార్చిలో ఆమె పేరిట వచ్చిన చట్టం వైద్య సిబ్బంది మానసిక ఆరోగ్యానికి నిధులిచ్చే వీలు కల్పించింది.

భారత్‌లో చట్టం వేరే గాయాన్ని చూసింది. 2020 ఏప్రిల్‌లో చెన్నైలో కోవిడ్‌తో మరణించిన న్యూరోసర్జన్ సైమన్ హెర్క్యులిస్ ఖననాన్ని అల్లరి మూక రాళ్లతో అడ్డుకుంది. మూడు రోజులకే కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది. మహమ్మారి వేళ వైద్య సిబ్బందిపై దాడికి ఐదేళ్ల దాకా, తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల దాకా జైలు. అయినా దాడులు ఆగలేదు. జూన్‌లో హైదరాబాద్ గాంధీ ఆస్పత్రిలో రోగి బంధువులు డాక్టర్‌ను కొట్టడంతో జూనియర్ డాక్టర్లు రోడ్డెక్కారు.

2021లో రెండో వేవ్ వచ్చేసరికి పడకలు, ఆక్సిజన్ చాలలేదు. ఎవరికి వెంటిలేటర్ పెట్టాలి, ఎవరిని వెనక్కి పంపాలి అన్న నిర్ణయం ఐసీయూ నిపుణుల మెడకు చుట్టుకుంది. ఆ భారాన్ని ఏ సెక్షనూ దించలేదు. రాయి విసిరినవాడికి శిక్ష ఉంది. నిద్రపట్టని డాక్టర్‌కు కావాల్సింది మాత్రం, 'నాకు బాగోలేదు' అని చెప్పినా ఉద్యోగానికీ పరువుకూ ఢోకా ఉండదన్న భరోసా.