తలా ఓ చెయ్యి!

సిగ్నల్ సరిగా అందనిచోట మాట్లాడుతుంటే సెల్‌ఫోన్ వేడెక్కుతుంది, గమనించారా? టవర్‌కి వినబడాలని లోపలున్న పవర్ యాంప్లిఫయర్ గొంతు పెంచుతుంది మరి. బ్యాటరీ నుంచి అది లాగే కరెంటులో కొంతే రేడియో తరంగమవుతుంది, మిగతాదంతా వేడే.

ఫోనుకి రెండు వాట్లలోపే చాలు. గోరంత ట్రాన్సిస్టర్ ఆ పని చేసేస్తుంది. అదే రేడియో స్టేషన్‌కైతే వేల వాట్లు కావాలి. ఒకప్పుడు ఆ భారమంతా పెద్ద వాల్వు మోసేది. దానికి వేల వోల్టులివ్వాలి, లోపలి ఫిలమెంటు కాగాలి. తీరా అది కాస్తా మాడిందో... ట్రాన్స్‌మిటర్ మూగబోవాల్సిందే!

అంత బరువు ఒక్క ట్రాన్సిస్టర్ మోయలేదు. అందుకే సిగ్నల్‌ని వందల ట్రాన్సిస్టర్లకు పంచి, తలా కాస్త పెంచాక మళ్లీ కలుపుతారు. కిటుకంతా ఆ కలపడంలోనే ఉంది. ఒక తరంగం లేస్తున్నప్పుడు ఇంకోటి దిగుతుంటే రెండూ ఒకదాన్నొకటి మింగేస్తాయి. అన్నీ ఒక్కసారే లేవాలి, ఒక్కసారే దిగాలి.

పారిస్ దగ్గర 'సోలెయ్' అనే పరిశోధన కేంద్రముంది. ఎక్స్‌రేల కోసం అక్కడ ఎలక్ట్రాన్లను గుండ్రంగా పరుగెత్తిస్తారు. 2006లో ఆ యంత్రం మొదలైంది ఇలాంటి యాంప్లిఫయర్లతోనే. 352 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక్కో మాడ్యూలు ఇచ్చేది మూడొందల వాట్ల పైచిలుకు. వందలు కలిస్తే ఒక్కో యాంప్లిఫయర్ నుంచి సుమారు 1.8 లక్షల వాట్లు! మధ్యలో ఒకటీ అరా పోయినా పరుగు ఆగదు. తీరిక చూసుకుని ఆ ముక్క మార్చుకుంటే సరి.